నూరు రాత్రుల గుంజ

అక్టోబరు పదిహేడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది కొబ్బరిపాలలో ఉడికించిన కవాకవా చేప, చేమదుంపలు, చేమాకు కూర. నా భార్య తోరికా పోయి అప్పటికి ఇరవై ఒక్క రాత్రులు.

చేప మూరెడు పైనే ఉంది. రాళ్ళ సందుల్లో పెరిగే ఆ మచ్చల చేపని అంత పెద్దదాన్ని మా ఊళ్ళో చూసి ఐదారేళ్ళయింది. తలకాయని విడిగా ఒక పళ్ళెంలో పెట్టి, రాజధాని సువా నుంచి వచ్చిన అమ్మాయి ముందు ఉంచారు. మా దగ్గర అతిథికి అంతకు మించిన మర్యాద లేదు.

ఆ అమ్మాయి పేరు లవేనియా. తీరంలో చేపలు మళ్ళీ పెరగడానికి ఊళ్ళకి సాయం చేసే ఒక నిధి తరఫున వచ్చింది. తోరికా ఉన్నప్పుడే రెండుసార్లు వచ్చింది. మా ఊరికి ఎదురుగా ఉన్న వతులేవు పగడపు దిబ్బని పదేళ్ళు మూసి ఉంచితే కాపలాకి పడవ, ఇంజనుకి నూనె, ఇద్దరు మనుషులకి జీతం ఇస్తామని చెప్పింది. రెండుసార్లూ మా మగవాళ్ళు బుద్ధిగా తలలూపి పంపేశారు. తోరికా మాత్రం ఆమెని పడవ దాకా సాగనంపుతూ, "మావాళ్ళు దిబ్బ మూయాలంటే ఒకటే దారి తల్లీ. ఎవరో ఒకరు చావాలి" అని నవ్వింది.

నవ్వులాటకి అన్నా, ఆ మాట నిజం. ఊళ్ళో పేరున్న మనిషి పోతే దిబ్బ మీద కొబ్బరిమట్ట కట్టిన గుంజ పాతుతాం. నూరు రాత్రులు అక్కడ ఎవరూ వల వేయకూడదు, గాలం వేయకూడదు. నూరు నిండిన రోజున పోయినవాళ్ళకి అందరికన్నా దగ్గరి మనిషి వెళ్ళి ఆ గుంజ పీకాలి. ఆ దిబ్బ చేపతో పుట్టింటివాళ్ళకి మొదటి వడ్డన చేయాలి. అప్పుడు అందరూ దుఃఖానికి గుర్తుగా కట్టుకున్న నల్లగుడ్డలు విప్పుతారు. దుఃఖం దిగినట్టు.

నలభై ఏళ్ళు ఆ దిబ్బ మీద వల వేసిన మనిషి కాబట్టి తోరికా పేరున గుంజ పాతారు. పీకాల్సిన చెయ్యి నాది.

లవేనియా ఆ తలకాయని చూస్తూ కూర్చుంది.

"ఈ చేప ఎక్కడిది బాబాయ్?" అని అడిగింది.

ఊరిపెద్ద ఇసిరేలి మొహం వెలిగిపోయింది. "మూసిన దిబ్బలోదేనమ్మా. నీకోసమే తెల్లవారుజామున పట్టించాను. బయట ఇంత చేప ఇంకెక్కడుంది?"

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇసిరేలి మాటల్లో మోసం లేదు. అతిథికి మంచిది పెట్టాలి, మంచిది మూసిన చోట ఉంది. అతని బుర్రకి అంతే తట్టింది. దిబ్బ మూస్తారో లేదో చూడటానికి వచ్చిన మనిషికి ఆ దిబ్బ చేపనే వండిపెట్టే ఊరు మాదొక్కటే అయ్యుంటుంది.

"ఇది నేను రాసుకోవాలి బాబాయ్" అంది ఆమె నెమ్మదిగా.

"రాసుకో తల్లీ. రుచి ఎలా ఉందో కూడా రాసుకో."

ఆమె చేపని ముట్టలేదు. కానీ అది వండిన ఉనైసి అక్క, తోరికాతో కలిసి వలకి వెళ్ళిన మనిషి, వాకిట్లో నిలబడి చూస్తోంది. లవేనియా చేమదుంప ముక్కని ఆ కొబ్బరిపాలలో ముంచుకుని తిని, పళ్ళెం ముందుకు జరిపి, "పులుసు బాగుంది పెద్దమ్మా. ఇంకొంచెం పొయ్యి" అంది. ఉనైసి అక్క మొహం విచ్చుకుంది. ఆ పిల్ల అన్న 'ఇంకొంచెం' నాకు ఇవాళ్టికీ గుర్తు.

పడవ ఎక్కే ముందు ఆమె నన్ను పక్కకి పిలిచింది. నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి. నిధికి రాసిన దరఖాస్తు కూడా, తోరికా పోరు పడలేక, నేనే రాశాను.

"మాస్టారూ, మావాళ్ళకి నేను అబద్ధం రాయలేను. అలాగని ఒక్క చేపకే మీ ఊరి పేరు కొట్టెయ్యమనీ రాయను. ఫిబ్రవరిలో నీళ్ళలో దిగి చేపలు లెక్కపెట్టే ఈతగాళ్ళని తీసుకొస్తాను. నూరు రాత్రులు దాటాక కూడా దిబ్బ మూసే ఉంటే నిధి వస్తుంది. విందుకి తెరిస్తే రాదు. మళ్ళీ మీ ఊరి పేరు ఎత్తనివ్వరు."

"గుంజ పీకాల్సింది నేనే కదమ్మా."

"తెలుసు. అందుకే మీతో చెప్తున్నాను."

*

మా ఇంటికి సముద్రం వైపు ఒక చిన్న తలుపు ఉంది. అది తోరికా తలుపు. వల తడిగా ఉంటుందని, చాపలు పాడవుతాయని ఎప్పుడూ ఆ వైపు నుంచే వచ్చేది. ఆమె పోయాక ఆ తలుపు నేను వేయలేదు. గాలికి ఇసుక లోపలికి వచ్చేది, చిన్న పీతలు వచ్చేవి. ఉనైసి అక్క రోజూ ఊడ్చేది గాని, తలుపు సంగతి ఎత్తేది కాదు.

ఆ సాయంత్రం ఆ తలుపు దగ్గర కూర్చుంటే తొమ్మిదేళ్ళనాటి సంగతి గుర్తొచ్చింది. మా తెగ దొరగారు పోయినప్పుడు కూడా దిబ్బ నూరు రాత్రులు మూశాం. తెరిచిన రోజున మూడు ఊళ్ళవాళ్ళు వచ్చి పడ్డారు. మూడు రోజుల్లో గుడ్లతో ఉన్న చేపతో సహా ఊడ్చేశాం. నేనూ మూడు గోతాలు మోసుకొచ్చాను. రెండు కుళ్ళిపోయాయి. పనసచెట్టు వెనక గొయ్యి తవ్వి పూడుస్తుంటే తోరికా పార అందిస్తూ, "పూడ్చారుగా, ఇక వీటికి కూడా నూరు రాత్రులు మైల పట్టండి" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఏడాది నుంచి ఆమె వల తేలిగ్గా తిరిగి రావడం మొదలైంది.

గుంజ పీకకూడదని అక్కడే అనుకున్నాను.

శనివారం ఊరి కొట్టంలో మేం తాగే యంగోనా వేరు రసం గిన్నె చుట్టూ అందరం కూర్చున్నప్పుడు ఆ మాట చెప్పాను. కొబ్బరి చిప్ప చేతులు మారడం ఆగిపోయింది.

"మాస్టారూ," అన్నాడు ఇసిరేలి, "ఆవిడ అన్నగారు వస్తాడు. పన్నెండు మందిని వెంటేసుకొస్తాడు. మొదటి వడ్డనకి ఏం పెడతారు, డబ్బా చేపా?"

"డబ్బా చేపే పెడతాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మీ పరువు మీ ఇష్టం. ఊరి పరువు ఏం కావాలి? అదీగాక నా సంగతేంటి? నా పడవ ఆ దిబ్బ మీదే బతికింది. అది మూస్తే బయటి అలల దాకా పోవాలి, రెట్టింపు నూనె. ఫిబ్రవరి దాకా ఆ సువా అమ్మాయి నాకు నూనె పోస్తుందా?"

అతను అడిగినదాంట్లో తప్పులేదు. ఉనైసి అక్క చాప అల్లుతూ తల ఎత్తకుండానే అందుకుంది.

"దిబ్బ మీద ఏముందని బతికావురా? పోయిన నెల నీ వలలో ఏం పడిందో నాకు తెలీదా? నాలుగు చేపలూ ఒక చెప్పూ. ఆ చెప్పు కూడా నీదే."

కొట్టం గొల్లుమంది. ఇసిరేలి కూడా నవ్వాడు గానీ, నవ్వు ఆగాక మొహం మళ్ళీ బిగిసింది. "నవ్వండి. జనవరి నాలుగున మాస్టారు పీకకపోతే నేనే పోయి పీకుతాను."

"నువ్వు పీకితే అది తోరికా కోసం అవదు ఇసిరేలీ. నీ కడుపు కోసం అవుతుంది" అన్నాను.

గొంతు పెంచకుండానే అన్నాను. అయినా అనకుండా ఉండాల్సింది. అతనికి ముగ్గురు పిల్లలు బోర్డింగు బళ్ళో ఉన్నారు. చిప్పలో మిగిలింది తాగి, తాగాక చేసే మర్యాద ప్రకారం చప్పట్లు కొట్టి లేచి వెళ్ళిపోయాడు.

*

కాపలా మేమే మొదలుపెట్టాం. మేమంటే ఉనైసి అక్క, తోరికాతో వలకి వెళ్ళే మరో ఆరుగురు ఆడవాళ్ళు, నేను. ఇంజను లేదు. నా తెడ్డు పడవ, వాళ్ళ వెదురు తెప్పలు. పోటు మారినప్పుడల్లా వంతులు. అరవై మూడేళ్ళ వయసులో అరచేతులకి బొబ్బలెక్కాయి. బళ్ళో సుద్దముక్క పట్టిన చేతులు గదా.

"నీ తెడ్డు చూస్తుంటే పెరుగు చిలుకుతున్నట్టుంది తమ్ముడూ" అనేది ఉనైసి అక్క. "ఆవిడ నీకు ఏమీ నేర్పలేదా?"

"నేర్పుతానంది. నాకు పరీక్ష పేపర్లు దిద్దుకోవడం సరిపోయింది."

"ఆ పేపర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

ఆమె తన తెడ్డు నా తెడ్డు పక్కన పెట్టి, నీళ్ళలోకి ఎలా వాల్చాలో చూపించింది.

నవంబరులో ఏమీ కనబడలేదు. బూడిదరంగు పగడం, దాని మీద నాచు. డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం పోటు తీసినప్పుడు అక్క నా తల పట్టుకుని వంచినంత పని చేసి చూపించింది. పగడం కొమ్మల మధ్య వేలెడు చేపపిల్లలు, నీలంగా, ఒక గుంపు. మా నీడ పడగానే ఒక్కటిగా లోపలికి ముడుచుకుని, నీడ తొలగగానే మళ్ళీ బయటికి వచ్చాయి.

"నాచు తినేవి" అంది అక్క. "ముందు ఇవి రావాలి. ఇవి ఊడిస్తేనే కొత్త పగడం పట్టుకుంటుంది. తోరికా చెప్పేది. నువ్వు వినలేదా?"

"విన్నాను. అది కూడా దరఖాస్తులో రాశాను. కళ్ళతో చూడటం ఇదే మొదలు."

క్రిస్మసుకి నాలుగు రోజుల ముందు, పట్టపగలు, పక్క అఖాతం నుంచి ఒక పెద్ద ఇంజను పడవ వచ్చి దిబ్బ మీద ఆగింది. నలుగురు కుర్రాళ్ళు, ఈటెలు, నీళ్ళడుగున ఊపిరికి గాలి గొట్టాలు. అక్కా నేనూ తెడ్డు వేసుకుంటూ వెళ్ళేసరికి నాకు ఆయాసం వచ్చి మాట రావడం లేదు. అక్క తెప్ప మీద లేచి నిలబడింది.

"ఒరేయ్, ఆ ఎర్ర బనీను. నువ్వు సలోతే మనవడివి కదూ?"

వాడు చేతిలో ఈటె కిందికి దించాడు.

"మీ నాయనమ్మ పురిట్లో ఉంటే మీ నాన్నని ఈ చేతుల్తో పట్టుకున్నాను. మీవాళ్ళు పోయినప్పుడు మీ దిబ్బ మీద గుంజ పాతితే మా ఊరివాళ్ళెవరైనా వచ్చారా? ఆ గుంజ చూసుకుని మాట్లాడు. ఎవరి పేరున ఉందో తెలుసా? మీ పెళ్ళిళ్ళకి చేప పంపిన మనిషి."

ఎర్ర బనీను కుర్రాడు తల వంచుకుని గాలి గొట్టం చుట్టేశాడు. పోయే ముందు పడవలోంచి ఒక పుచ్చకాయ తీసి తెప్ప మీద పెట్టాడు. అక్క వద్దనలేదు. "ఎండకి పనికొస్తుంది" అంది.

కానీ అందరూ సలోతే మనవలు అయి ఉండరు. ఇంజను లేకుండా ఇంకో పడవని ఆపలేమని ఇద్దరికీ తెలిసింది. మర్నాడు పొద్దున లేచేసరికి నా మెట్ల మీద ఒక నూనె డబ్బా ఉంది, నిండుగా. పిడికి నీలం తాడు కట్టి ఉంది. ఊళ్ళో నీలం తాడు కట్టే డబ్బాలు ఒక్క ఇసిరేలివే. ఒడ్డున అతని పడవ, ఇంజనుతో సహా, నా తెడ్డు పడవ పక్కకి లాగి ఉంది.

అతను దారిలో ఎదురైతే, "నీ డబ్బా..." అనబోయాను.

"ఏ డబ్బా మాస్టారూ?" అని వెళ్ళిపోయాడు.

*

జనవరి నాలుగున సకియూసా వచ్చాడు. తోరికాకి పెద్దన్న, డెబ్భై ఏళ్ళ మనిషి, తలుపు నిండా పట్టేంత ఒడ్డూ పొడుగూ. చెప్పినట్టే పన్నెండు మంది, చాపల కట్టలు, నారగుడ్డలు. మా దగ్గర బావలు ఎదురుపడితే వేళాకోళం ఆడకపోవడం అమర్యాద.

"చిక్కిపోయావు బావా" అన్నాడు నన్ను చూడగానే. "నీకు నీళ్ళు కాచుకోవడం కూడా రాదని మా చెల్లెలు చెప్తే అబద్ధమనుకున్నాను."

"నువ్వు లావెక్కావు బావా. మీ ఊళ్ళో చేపలు ఇంకా ఉన్నాయన్నమాట."

"చేపలెక్కడివి? అంతా బిస్కెట్ల బలుపు."

అంతవరకు బాగానే ఉంది. కొట్టంలో అందరూ వరసగా కూర్చున్నారు. ఉనైసి అక్క మొదటి పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. చేమదుంప, పక్కన ఉల్లిపాయ వేసి వేడిచేసిన డబ్బా చేప. వెనక పంది మాంసం ఉంది, కోళ్ళున్నాయి. కానీ అందరూ చూసేది మొదటి పళ్ళేన్నే.

సకియూసా చాలాసేపు దాన్ని చూశాడు.

"ఇదేంటి బావా?"

"డబ్బా చేప."

"నా చెల్లెలు నలభై ఏళ్ళు ఈ ఊరికి చేప పెట్టింది. ఆమె నూరు రాత్రులకి నాకు కొట్టు సరుకు పెట్టావు."

అందులో వేళాకోళం లేదు. నా ఎరుకలో అతను నాతో నవ్వు లేకుండా మాట్లాడిన మొదటి మాట అది. కొట్టం చివర ఇసిరేలి తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతున్నాడు. అతను ఒక్క మాట అంటే చాలు, పదిమంది కుర్రాళ్ళు గుంజ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. అనలేదు.

మా దగ్గర క్షమాపణకీ, పెద్ద కోరికకీ ఇచ్చే తిమింగలపు పన్నుని నేను రెండు చేతులా పట్టుకుని అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది మా అమ్మ నాకిచ్చినది. అంతకన్నా విలువైనది నా ఇంట్లో లేదు.

"దిబ్బ మీద చేప ఉంది బావా. అందుకే పట్టలేదు. గుంజ నేను పీకను. తోరికా పేరున దాన్ని అలాగే ఉండనివ్వమని అడుగుతున్నాను. పెట్టాల్సింది పెట్టలేదు, తప్పు నాది. దానికీ దీనికీ కలిపి ఇది."

అతను పన్ను ఒళ్ళోకి తీసుకోలేదు. నా చేతుల్లోంచి తీసి మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టాడు. ఒళ్ళోకి తీసుకోకపోతే ఒప్పుకోనట్టు. లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

ఉనైసి అక్క కొంగు బిగించుకుని వెంట వెళ్ళింది.

మధ్యాహ్నపు పోటు బాగా తీసి ఉంది. కొట్టం గుమ్మంలోంచి వాళ్ళిద్దరూ మోకాలి లోతు నీళ్ళలో దిబ్బ అంచు దాకా నడవడం కనబడింది. అక్క ఏదో చూపించింది. అతను వంగాడు. మళ్ళీ వంగాడు. తర్వాత గుంజ పక్కన కదలకుండా నిలబడిపోయాడు. లోపల పన్నెండు మంది ముందూ పళ్ళేలు చల్లారుతున్నాయి. ఎవరూ ముట్టలేదు. నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ లేవలేదు.

అతను తొడల దాకా తడిసి వచ్చాడు. తన చోట కూర్చుని, డబ్బా చేపలో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుని నమిలాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు.

"డబ్బాలో అలాగే వస్తుంది" అన్నాను.

ఇంకో ముక్క తిన్నాడు. అప్పుడు పన్ను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా ఊరి దిబ్బ మీద నాకు పదేళ్ళప్పుడు నడుస్తుంటే చేపపిల్లలు కాళ్ళకి తగిలేవి. ఇందాక తగిలాయి." పన్ను మీద చెయ్యి వేసి, "ఎన్ని రాత్రులు ఉంచుతావు?" అని అడిగాడు.

"పదేళ్ళు."

"మా చెల్లెలు ఎప్పుడూ అంతే. గుప్పెడు అడిగి గంపెడు పట్టుకుపోయేది."

మొదట నవ్వింది ఇసిరేలి. తర్వాత అందరూ. ఉనైసి అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ, "తినండయ్యా, పంది చల్లారిపోతోంది" అని కసిరింది.

భోజనాలయ్యాక అందరం నల్లగుడ్డలు విప్పాం. నా చొక్కాకి కుట్టిన పట్టీని ఉనైసి అక్క పళ్ళతో దారం కొరికి తీసింది. సకియూసా మాత్రం తన చేతికి కట్టుకున్న గుడ్డ విప్పి, పొద్దు వాలేలోపు ఇసిరేలి పడవలో దిబ్బకి వెళ్ళాడు. గుంజకున్న కొబ్బరిమట్ట ఎండి రాలిపోయింది. దాని స్థానంలో కొత్త మట్ట కట్టి, దాని కింద తన నల్లగుడ్డ కట్టాడు.

"ఇది ఇక్కడే ఉంటుంది" అన్నాడు. "తెరిచిన రోజు వచ్చి విప్పుకుంటాను. అప్పటికి నేను లేకపోతే నా కొడుకు వస్తాడు. అంతదాకా నాకు దుఃఖం దిగలేదు, ఇక్కడ ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు."

అతను తన చెల్లెలి దుఃఖాన్ని పదేళ్ళు మోస్తానని ఒప్పుకున్నాడు. ఏ కాగితం మీదా అంత గట్టి సంతకం నేను చూడలేదు.

ఫిబ్రవరిలో లవేనియా ఇద్దరు ఈతగాళ్ళతో వచ్చింది. వాళ్ళు మూడు రోజులు నీళ్ళలోనే ఉన్నారు. ఆమెకి ఈసారి గుడ్లు, చేమాకు కూర పెట్టాం. గుంజకున్న నల్లగుడ్డ ఏమిటని అడిగితే చెప్పాను. ఆమె కలం పట్టుకుని కూడా రాసుకోలేదు. ఏప్రిల్లో కాపలా పడవ వచ్చింది. కాపలావాడిగా ఊరంతా ఇసిరేలి పేరే చెప్పింది. ఆ దిబ్బకి దొంగదారులన్నీ తెలిసినవాడు అతనొక్కడే అంది ఉనైసి అక్క.

కానీ నాకు బాగా గుర్తున్నది జనవరి నాలుగు సాయంత్రమే. సకియూసా మా ఇంట్లోనే పడుకున్నాడు. చాప పరుస్తుంటే సముద్రం వైపు నుంచి గాలి వచ్చి దీపం ఊగింది.

"ఈ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందా బావా?"

"తోరికా పోయినప్పటినుంచి."

అతను లేచి వెళ్ళి గడప మీద కొంతసేపు నిలబడ్డాడు. బయట పోటు ఎక్కుతోంది. లోపలికి వచ్చిన ఇసుకని కాలితో మెల్లగా బయటికి తోశాడు. గడప దగ్గరున్న చిన్న పీతని వంగి పట్టుకుని అవతల వదిలాడు. తర్వాత, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాడు.